పత్తాల కాగితము మీద అంకెలు

శీర్షిక చూసి కొందరు పాఠకులు, ముఖ్యముగా పెద్దలు, "సంఘ పత్రికలో పత్తాల మాట ఏమిటి?" అని పేజీ తిప్పివేయవచ్చు. దయచేసి తిప్పవద్దని మా మనవి. నలభై దాటిన వయసులో, ఆదివారము బల్ల దగ్గర నిలిచే మేము, పత్తాలాట నేర్చుకొన్నాము. నేర్పినవారు మా చిన్ననాటి స్నేహితులు. ఆ ఆట వలన మా పరిచర్యలో పాత తప్పు ఒకటి బయటపడింది. దానిని గురించి వ్రాయకుండా ఉండలేక ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను మన వైపు వారెవరూ ఇంకా మరచిపోలేదు. కడెం ప్రాజెక్టు నిలుస్తుందో లేదోనని జనము భయపడిన రోజులవి. మంచిర్యాలలో లోతట్టు కాలనీలలోకి నీరు ఎక్కింది. సరిగ్గా ఆ వారమే లక్షెట్టిపేటలో ఒక స్నేహితుని కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తామని ముందుగా మాట ఇచ్చి ఉన్నాము. వాన ముదరక ముందే బస్సు ఎక్కి చేరుకొన్నాము. ప్రార్థన అయింది, భోజనాలు అయ్యాయి, తిరిగి వెళ్ళే దారి లేదు. మేము, ఇంటి యజమాని అయిన సర్కారు బడి సారు, జగిత్యాల నుండి వచ్చిన ఆర్టీసీ కండక్టరు, మందమర్రి నుండి వచ్చిన సింగరేణి కార్మికుడు, మొత్తము నలుగురము ఆ ఇంట్లో చిక్కుబడిపోయాము. నలుగురమూ ఇంటర్మీడియటు కరీంనగరులో ఒకే గదిలో ఉండి చదువుకొన్నవారము. గుడిలో అందరూ మమ్మును "అయ్యగారూ" అంటారు గాని, ఈ ముగ్గురికి మేము ఇంకా "ఏం రా" మాత్రమే.

మొదటి రోజు పాత ముచ్చట్లతో గడిచింది. రెండవ రోజు కరెంటు పోయింది, ఫోన్లు ఆగిపోయాయి. సాయంత్రము మక్క కంకులు కాల్చి తిన్న తరువాత సారు అల్మారాలో నుండి రెండు పత్తాల కట్టలు తీసి, మా వైపు చూసి మళ్ళీ లోపల పెట్టబోయాడు.

"పెట్టకు, ఆడుకోండ్రి. మేము చూస్తం" అన్నాము.

"చూసుడు ఎందుకు రా, నేర్చుకో. నలుగురైతే ఆట మంచిగుంటది" అన్నాడు కండక్టరు.

"పైసలు పెడితే నేను లేస్త" అని సింగరేణి స్నేహితుడు ముందే చెప్పివేశాడు. ఆ మాట వెనుక ఒక కథ ఉంది. కొన్ని సంవత్సరాల క్రిందట దసరాకు చేతికి వచ్చిన లాభాల వాటాను అతడు ఒక్క రాత్రిలో మూడు ముక్కలాటలో పోగొట్టుకొన్నాడు. పండుగ నాడు ఇంట్లో పొయ్యి మీద ఏమి పెట్టాలో తెలియక అతని ఇల్లాలు పుట్టింటికి కబురు పంపింది. అప్పటి నుండి పందెము ఉన్న చాప మీద అతడు కూర్చోడు. ముగ్గురిలో ఆట బాగా వచ్చినవాడు కూడా అతడే.

మాలో కొంచెము జంకు లేకపోలేదు. మా సంఘాల మూలాలు వెస్లియన్ మెథడిస్టు మిషనరీల పనిలో ఉన్నాయి. ప్రభువు నామమున చేయలేని వినోదాలకు విశ్వాసి దూరముగా ఉండవలెనని జాన్ వెస్లీ 1743లోనే తన వారికి నియమము పెట్టాడు. అందులో పత్తాల పేరు లేదు, ఏవి ఆ కోవలోకి వస్తాయో తేల్చుకొనే బరువు వినేవాని మీదనే పెట్టాడు. బైబిలులోనూ పత్తాలు లేవు. ఉండటానికి వీలు లేదు, అవి యూరపుకు చేరినదే 14వ శతాబ్దములో. చీట్లు వేయుట మాత్రము ఉన్నది. కనాను దేశమును గోత్రాలకు చీట్లు వేసి పంచారు. మత్తీయను చీట్లు వేసి పన్నెండవ వానిగా ఎంచుకొన్నారు. సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కొరకు వేసినవి కూడా చీట్లే. చీటి ఒకటే గాని చేతులు వేరు. ఇదంతా ఆ సాయంత్రము మా మనసులో తిరిగింది. సారు మాత్రము అప్పటికే ముక్కలు కలపడము మొదలుపెట్టాడు.

ఆటను తెలియనివారి కొరకు చెబుతాము. తెలిసినవారు ఈ భాగము దాటి వెళ్ళవచ్చు. దీనిని రమ్మీ అంటారు, మన పల్లెలలో పదమూడు పత్తాల ఆట అంటారు. రెండు కట్టలు కలిపి ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు పంచుతారు. మిగిలినవి మధ్యలో బోర్లా పెట్టి, పైదొకటి తెరచి పక్కన వేస్తారు. ఇంకొక ముక్క తీసి దానిని జోకరు అంటారు. ఆ అంకె గల ముక్క ఏ గుర్తుదైనా, లేని ముక్కకు బదులుగా నిలుస్తుంది. వంతు వచ్చినప్పుడు ఒకటి తీసికొని ఒకటి పడవేయాలి. ఒకే గుర్తులో వరుసగా మూడో నాలుగో కలపాలి, ఇస్పేటు అయిదు, ఆరు, ఏడు అన్నట్లు. లేదా ఒకే అంకె వేరు వేరు గుర్తులలో కలపాలి. పదమూడూ ఇలా కుదిరినవాడు ముక్కలు పరచి చూపుతాడు, ఆట అయిపోతుంది. అయితే ఒక షరతు ఉంది. జోకరు సాయము లేకుండా ఒక వరుస అయినా ఉండి తీరాలి. అది లేకపోతే చేతిలో ఎన్ని గొప్ప ముక్కలు కుదిరినా అవి కుదరనట్లే.

ఆ షరతు మాకు మొదటి ఆటలోనే అర్థమైంది. మా చేతికి ముగ్గురు రాజులు వచ్చారు. వారితో పాటు ఇద్దరు రాణులు, ఒక ఎక్కా. మేము పొంగిపోయి వారిని గట్టిగా పట్టుకొని కూర్చున్నాము. వరుస మాత్రము ఒక్కటీ లేదు. అయిదవ చుట్టులో సింగరేణి స్నేహితుడు ముక్కలు పరిచాడు. మా చేతిలోనివి లెక్కించారు. రాజు, రాణి, గులాము, ఎక్కా ఒక్కొక్కటి పది పాయింట్లు, మిగిలినవి వాటి మీద ఉన్న అంకె ఎంతయితే అంత. మా లెక్క ఎనభై దాటింది. ఎనభై దాటితే ఎనభైయే వ్రాస్తారు, అంతకు మించి వ్రాయరు.

"ముగ్గురు రాజులు కలిసిండ్రు గద, వాళ్ళను కూడ లెక్కవెడుతవేంది రా?" అని అడిగాము.

"సాఫ్ వరుస లేంది రాజులైనా బంట్లే" అన్నాడతడు.

ఇక్కడే మరొక సంగతి. చేతికి వచ్చిన ముక్కలు చూడగానే బాగులేవనిపిస్తే, ఒక్క ముక్క కూడ తీయకుండా చేతిలోనివి క్రింద పెట్టివేయవచ్చు. దానిని మన వైపు స్కూటు అంటారు, దానికి ఇరవై పాయింట్లు. ఆట మధ్యలో దిగిపోతే నలభై. చివరి దాకా పట్టుకొని ఓడితే ఎనభై వరకు. ఇలా ఆట తరువాత ఆట కూడుకొంటూ పోయి నూట ఒకటికి చేరినవాడు తప్పుకొంటాడు. చివరకు మిగిలినవాడు గెలిచినట్లు. కొన్ని ఊళ్ళలో రెండు వందల ఒకటి దాకా ఆడతారు, అప్పుడు స్కూటు లెక్క కొంచెము ఎక్కువ. మూల సూత్రము ఒకటే, పాయింట్లు ఎన్ని తక్కువయితే అంత మేలు. ఆటలో గెలిచినవాని పేరు క్రింద సున్నా వ్రాస్తారు.

ఆ సున్నా దగ్గరనే మా కథ మొదలవుతుంది.

సారు కాగితము దొరకక, తన గృహ ప్రతిష్ఠ ఆహ్వాన పత్రము వెనుక వైపున నాలుగు గీతలు గీసి, నలుగురి పేర్ల మొదటి అక్షరాలు వేశాడు. రెండవ ఆట అయ్యేసరికి మా వరుసలో 80, 20 పడి మేము అప్పుడే తప్పుకొనే అంచున ఉన్నాము. కండక్టరు వరుసలో 20, 40. సారు వరుసలో 20, 0. సింగరేణి స్నేహితుని వరుస గురించి చెప్పేది లేదు. లాంతరు వెలుగులో ఆ కాగితము చేతిలోకి తీసికొని చూసినప్పుడు మాకు చెమట పట్టింది. ఇటువంటి కాగితమును మేము ఇంతకు ముందు ఒకసారి చూసి ఉన్నాము.

అది 2009 దసరా సెలవుల సంగతి. మాకు అభిషేకము జరిగి రెండేళ్ళు. జగిత్యాల వైపు ఒక పల్లె సంఘములో ఉన్నాము. డిగ్రీ చదివే ఒక పిల్లవాడు ఆదివారము ఆరాధన తరువాత చాపలు మడుస్తుండగా చొక్కా జేబులో నుండి ఒక కాగితము జారిపడింది. సంఘ పెద్ద ఒకరు తీసి చూసి మా చేతికి ఇచ్చారు. నాలుగు గీతలు, నాలుగు అక్షరాలు, క్రింద అంకెలు: 20, 40, 80, 0, మళ్ళీ 20. అడుగున గీత కొట్టి 104, 118 అని ఉన్నది. మేము అన్నీ కూడాము. నాలుగు వందలకు దగ్గరగా వచ్చింది. ఉపాధి హామీ పనిలో రోజు కూలి వంద రూపాయలు దాటని రోజులవి. పిల్లవాని తల్లి కూలికి వెళ్ళి చదివిస్తున్నది.

పాస్టరేట్ కమిటీ ముందు నిలబడి ఆ పిల్లవాడు ఒకే మాట చెప్పాడు: "అవి పైసలు కావు అయ్యగారూ, పాయింట్లు." పాయింట్లంటే ఏమిటో మాకు తెలియదు. తెలియదని పెద్దల ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. తప్పించుకొంటున్నాడని అనుకొన్నాము. మూడు నెలలు ప్రభువు బల్లకు దూరముగా ఉంచాలని తీర్మానము వ్రాసి, తరువాతి ఆదివారము అతని పేరు చదివాము. జూదము అనే మాట మా నోటితోనే చదివాము. అతడు మళ్ళీ గుడికి రాలేదు. 2011లో దుబాయి పోయాడని విన్నాము. తల్లి మాత్రము వస్తూనే ఉన్నది. అంతకు ముందు ఆడవారి వైపు మొదటి చాప మీద కూర్చొనే ఆమె అప్పటి నుండి గుమ్మము దగ్గర కూర్చొనేది. అది కూడా మేము అప్పట్లో గమనించలేదు, తరువాత తలచుకొన్నప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి స్నేహితులకు ఇదంతా చెప్పాము. గెలిచినవానికి సున్నా ఉన్నదంటే అది డబ్బు లెక్క కాదు గదా, డబ్బు లెక్కయితే గెలిచినవానికి రాబడి ఉండాలి గదా అని ఆశగా అడిగాము. కండక్టరు తల అడ్డముగా ఊపాడు.

"కాగితం జూసి ఎవ్వడు చెప్పలేడు రా. పాయింటుకు రూపాయ అని నోటితోని అనుకుంటరు. కాగితం మీద రాయరు."

"మరి ఎట్ల తెలుస్తది?"

"అడగాలె" అన్నాడు సింగరేణి స్నేహితుడు. "నువ్వు అడగలె."

మూడవ రోజు వాన తెరపి ఇచ్చింది. తిరిగి వచ్చిన తరువాత ఈ ఆటను గురించి కొంత చదివాము. తెలిసికొన్నవి ఇక్కడ చెప్పడము మంచిదనిపిస్తున్నది, ఎందుకంటే మన పల్లెలలో పత్తాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాము.

సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో ఆ కోర్టు, రమ్మీ కేవలము అదృష్టము మీద నడిచేది కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడానికి నేర్పు కావాలని తేల్చింది. మూడు ముక్కలాటను అదృష్టపు ఆటగానే చూసింది. ఆటను అడ్డము పెట్టుకొని ఇంటివారో క్లబ్బువారో లాభము తీస్తే అది నేరము కావచ్చునని కూడా అన్నది. ఆ తీర్పు చాటున చాలా సంవత్సరాలు డబ్బు రమ్మీ నడిచింది, తరువాత ఫోనులోకి ఎక్కింది. 2017లో తెలంగాణ ప్రభుత్వము తన జూద చట్టాన్ని సవరించి, నేర్పుతో కూడిన ఆట అయినా డబ్బు పెడితే జూదమేనని వ్రాసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైను ఆటలను దేశమంతటా నిషేధించే చట్టము చేసింది. ఫోను ఆటల అప్పులతో కన్నీరు కార్చిన తల్లులను మేము ఎరుగుదుము. చట్టము ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని మా అభిప్రాయము. రచ్చబండ మీద ఆడేవాని చుట్టూ కనీసము నలుగురు చూసేవారుంటారు. ఫోనులో ఆడేవాడు దుప్పటి ముసుగులో ఒంటరిగా పోగొట్టుకొంటాడు.

ఇంకొక సంగతి మాకు వింతగా తోచింది. రాజు, రాణి బొమ్మల పత్తాలను పాపమని ఇంట్లోకి రానివ్వని క్రైస్తవ కుటుంబాలు అమెరికాలో ఎన్నో ఉండేవి. వారి కొరకే 1906లో పార్కర్ బ్రదర్స్ అనే కంపెనీ రూక్ అనే పత్తాల కట్టను తెచ్చింది. అందులో బొమ్మ రాజులు లేరు, నాలుగు రంగులలో అంకెలు మాత్రమే. ఆ కుటుంబాలు రాత్రి భోజనము తరువాత దీపము చుట్టూ కూర్చొని పాయింట్లు లెక్కించుకొంటూ ఆడుకొనేవి. బొమ్మలు తీసివేస్తే పాపము పోతుందా అని నవ్వుకొన్నాము గాని, ఇంటిల్లిపాది ఒకచోట కూర్చోవాలనే వారి కోరికను తప్పు పట్టలేకపోయాము.

పత్తాలు పరాయివని కూడా అనలేము. మన నిర్మలు నకాషీ పనివారు కొయ్య బొమ్మలకు రంగులు వేసిన చేతితోనే ఒకప్పుడు గంజీఫా అనే గుండ్రని పత్తాలకు కూడా రంగులు వేసేవారు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని ఒక స్నేహితునికి గంజీఫా పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. ఆ మొగలు ఆటకు ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, మొత్తము 96 ముక్కలు. ఇప్పుడు నిర్మలు వెళితే బొమ్మలు దొరుకుతాయి, ఆ ఆట ఆడగలవారు ఎవరూ మాకు కనబడలేదు.

2023 సంక్రాంతికి ఆ పిల్లవాడు (పిల్లవాడేమిటి, ముప్పై దాటాయి) సెలవు మీద ఇంటికి వచ్చాడని తెలిసి ఆ పల్లెకు వెళ్ళాము. ఆ పాస్టరేట్ ఇప్పుడు మాది కాదు, అక్కడి కాపరికి ముందుగా చెప్పి వెళ్ళాము. అవ్వ మమ్మును చూసి గాబరాపడి మంచము వాల్చింది. అతడు లోపలి నుండి వచ్చి దండము పెట్టి నిలబడ్డాడు, కూర్చోలేదు.

"తమ్మీ, ఆ రోజు ఆ ఆటకు పైసలు పెట్టినారా?" అని అడిగాము. వేరే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

అతడు చాలా సేపు మాట్లాడలేదు. "పదమూడేండ్లకు అడుగుతున్నరు అయ్యగారూ" అన్నాడు. తరువాత, "ఏం పెట్టలె. ఓడినోడు నలుగురికి చాయ తాపాలె. ఆ రోజు నేనే తాపిన" అన్నాడు.

క్షమించమని అడిగాము. అవ్వ ఏడ్చింది. అతడు ఏడవలేదు. అప్పుడు చెప్పిన మాట మేము మోసుకొని తిరుగుతున్నాము. దుబాయిలో క్యాంపు గదులలో శుక్రవారము సెలవు నాడు కొందరు డబ్బు పెట్టి ఆడేవారట. మొదట్లో అతడు దూరముగానే ఉన్నాడట. "జూదగాడని గుడిల పేరు సదివిండ్రు గద అయ్యగారూ. ఇగ ఆడితే మాత్రం ఏంది అనిపిచ్చింది. రెండు నెలల జీతం పోయినంక మానేసిన." అవ్వకు ఈ సంగతి అప్పటి దాకా తెలియదు. ఆ రెండు నెలలు డబ్బు రాకపోతే కంపెనీ జీతాలు ఆపిందని అనుకొన్నదట. వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపిందట.

పత్తాలు ఉన్నాయా అని అడిగాము. పక్కింటి పిల్లల దగ్గర నుండి రెండు కట్టలు తెప్పించాడు. ఇద్దరమే, వాకిట్లో, అవ్వ చూస్తుండగా. మూడు ఆటలు ఆడాము. అతడు చేతిలో ముక్కలు పేర్చుకొనే తీరు చూస్తే మా సింగరేణి స్నేహితుడు గుర్తుకు వచ్చాడు. మూడవ ఆటలో మా ముక్కలు చూసి, "ఇది చూడంగనే ఇరవైకి పడేయాల్సింది, చివరి దాక ఎందుకు పట్టుకున్నరు?" అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. ఓడినది మేమే కాబట్టి చాయ డబ్బులు మేమే ఇచ్చాము. అవ్వ వద్దు వద్దు అంటూనే హోటలు నుండి తెప్పించింది.

తరువాత ఆ పాస్టరేట్ కమిటీకి ఉత్తరము వ్రాశాము. 2009 నాటి తీర్మానము తెలియనితనముతో చేసినదని, తప్పు కాపరిగా మాదేనని, ఆ మాటను పుస్తకములో సరిచేయాలని, పేరు ఎక్కడ చదివామో అక్కడే సరిచేసిన సంగతి కూడా చదవాలని కోరాము. 2024లో కమిటీ కూడినప్పుడు మమ్మును కూడా రమ్మన్నారు. అప్పటి పెద్దలలో ఇద్దరు ప్రభువునందు నిద్రించారు. కాగితము తీసి ఇచ్చిన పెద్ద మాత్రము ఉన్నారు, చూపు తగ్గింది. అందరూ సరేనన్నారు. ఆయన ఒక్కరే చేతికర్ర మీద గడ్డము ఆనించుకొని కూర్చున్నారు.

"అంత మంచిదే గని అయ్యగారూ, ఓడినోడు చాయ తాపాలె అన్నరు గద. అది పందెం కాదా మరి?" అన్నారు.

కమిటీలో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు, అడగవలసిన ప్రశ్ననే అడిగానన్నట్లు మా వైపు ముఖము త్రిప్పి కూర్చున్నారు. దాని మీద గంటసేపు మాటలు నడిచాయి. చాయ సంగతి తరువాతి కూడికలో చూద్దామని వ్రాసుకొని, "జూదము" అన్న మాటను మాత్రము ఆ పూటనే కొట్టివేశారు. ఆ పైన ఆదివారము అక్కడి కాపరి ఆ సంగతి సంఘములో చదివాడు. అవ్వ ఆ రోజు ఎక్కడ కూర్చున్నదని అడిగితే, గుమ్మము దగ్గరనే అన్నాడు, కాళ్ళ నొప్పులట, లోపలికి వస్తే లేవలేదట.